ఫ్యాను తిరుగుతోంది, డిస్‌ప్లే రావడం లేదు: పాత హెచ్61 బోర్డుకు ఐ5 వేసేటప్పుడు ఏ పని ముందు, ఏది తర్వాత?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ: మూసేసిన ఒక ఆఫీసు నుంచి మీకు పాత సీపీయూ ఒకటి వచ్చింది. అందులో ఇంటెల్ హెచ్61 చిప్‌సెట్ (భాగాలన్నిటినీ కలిపే చిప్పు) ఉన్న మదర్‌బోర్డు, పెంటియం జీ620 ప్రాసెసర్, 2 జీబీ ర్యామ్, 500 జీబీ హార్డ్ డిస్కు ఉన్నాయి. బీకాం చదివే మీ చెల్లెలికి ట్యాలీ నేర్చుకోవడానికి పనికొస్తుందని వాడిన ఐ5-3470 ప్రాసెసర్, 8 జీబీ ర్యామ్ స్టిక్ కొని, రెండూ ఒకేసారి వేశారు. ఇప్పుడు ఫ్యాను తిరుగుతోంది కానీ తెర మీద ఏమీ రావడం లేదు. పాత ప్రాసెసర్‌తో నడిచిన రోజుల్లో కూడా ఆన్ చేసిన ప్రతిసారీ తేదీ 2011కి వెళ్లిపోయేది. బోర్డు పోయిందా, కొత్తది కొనాలా అని అడిగారు.

బోర్డు పోలేదనే నా అభిప్రాయం. కొత్తది కొనకండి. పాత ప్రాసెసర్, పాత ర్యామ్ తిరిగి పెట్టండి. డిస్‌ప్లే వస్తుంది. ముందు బోర్డు మీది గుండ్రటి బ్యాటరీ సెల్లు మార్చండి, తర్వాత బయోస్ (ఆన్ చేయగానే బోర్డును నిద్రలేపే చిన్న ప్రోగ్రాము) అప్‌డేట్ చేయండి, ఆ తర్వాతే ఐ5 పెట్టండి. కొత్త ర్యామ్‌ను చివరికి ఉంచుకోండి. ఒక్కొక్కటిగా మార్చి, ప్రతి మార్పు తర్వాత ఆన్ చేసి చూడండి. రెండు వస్తువులు కలిపి మార్చినప్పుడు తప్పు దేనిదో బోర్డు మీకు చెప్పలేదు.

నేను రాజమహేంద్రవరంలో కంప్యూటర్ల మరమ్మతులు చేస్తుంటాను. నా దగ్గరికి 'డెడ్' అన్న పేరుతో వచ్చే పాత బోర్డుల్లో చాలావాటికి అసలు రోగమే ఉండదు. మీ విషయంలో మూడు వేర్వేరు కారణాలు కలిసి ఒకే లక్షణంగా కనిపిస్తున్నాయని అనుకుంటున్నాను. ఒక్కొక్కటి చెబుతాను.

మొదటిది బయోస్. హెచ్61 చిప్‌సెట్ 2011లో వచ్చింది. అదే ఏడాది వచ్చిన రెండో తరం ఇంటెల్ ప్రాసెసర్ల కోసం చేసినది. మీ జీ620 ఆ తరానిదే. ఐ5-3470 మాత్రం 2012లో వచ్చిన మూడో తరానిది. రెండూ ఎల్‌జీఏ 1155 సాకెట్‌లోనే కూర్చుంటాయి కాబట్టి చూపుకు తేడా తెలియదు. కానీ 2011లో ఫ్యాక్టరీ నుంచి వచ్చిన బయోస్‌కు 2012 ప్రాసెసర్ ఎవరో తెలియదు. ఫ్యాను తిరుగుతుంది, లైటు వెలుగుతుంది, అంతకు మించి ఒక్క అడుగూ ముందుకు పడదు. కొన్ని బోర్డులు రెండు మూడు సెకన్లకోసారి ఆగి మళ్లీ మొదలవుతుంటాయి.

దీన్ని నిర్ధారించుకోవడానికి తేలికైన పరీక్ష ఉంది. బోర్డుకు చిన్న బీప్ స్పీకరు తగిలించండి. చాలా కేబినెట్లలో అది ఉండదు, విడిగా కొనాలి, ధర చాలా తక్కువ. ర్యామ్ మొత్తం తీసేసి పాత ప్రాసెసర్‌తో ఆన్ చేయండి. బోర్డు బీప్ కొడుతూ ర్యామ్ లేదని మొరపెట్టుకుంటుంది. అంటే బోర్డు, ప్రాసెసర్ రెండూ బతికే ఉన్నాయి. అదే పరీక్ష ఐ5తో చేయండి. ర్యామ్ లేకపోయినా బీప్ రాకపోతే సాధారణంగా ప్రాసెసర్‌ను బోర్డు గుర్తించలేదనే అర్థం. ర్యామ్ దాకా వ్యవహారం వెళ్లనే లేదన్నమాట.

ఈ మధ్య మూతపడిన ఒక ప్రైవేటు కళాశాల ల్యాబు నుంచి ఒకే మోడల్ బోర్డులు కొన్ని నా దగ్గరికి వచ్చాయి. కొన్నింటిలో మూడో తరం ప్రాసెసర్ వెంటనే నడిచింది, మిగతావాటిలో నడవలేదు. తెచ్చినవాళ్లు నడవని వాటిని పక్కన పడేయబోయారు. రెండు రకాల్లోనూ పాత ప్రాసెసర్ పెట్టి తెర మీద బయోస్ తేదీ చూస్తే విషయం తేలిపోయింది. నడిచినవి 2012 చివర్లో తయారైనవి, నడవనివి 2011వి. బయోస్ మార్చాక అన్నీ నడిచాయి.

బయోస్ అప్‌డేట్ గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఈ మొత్తం పనిలో నిజంగా బోర్డును చంపగలిగేది ఇదొక్కటే. బోర్డు మీద మోడల్ పేరుతో పాటు మూలన చిన్న అక్షరాల్లో రివిజన్ నంబరు ముద్రించి ఉంటుంది. రెండూ సరిపోయిన ఫైలే వాడాలి. ఒకే పేరున్న బోర్డులకు రివిజన్ మారితే బయోస్ కూడా మారవచ్చు. కంపెనీ సైటులో ఆ మోడల్ పేజీ తెరిచి, ప్రాసెసర్ల పట్టికలో ఐ5-3470 ఉందో లేదో, ఉంటే ఏ బయోస్ వెర్షన్ నుంచి నడుస్తుందో చూడండి. పట్టికలో లేకపోతే ఆశ వదులుకోవాలి. ఉదాహరణకు డెల్ ఆప్టిప్లెక్స్ 390, ఆప్టిప్లెక్స్ 3010 రెండింటిలోనూ హెచ్61 చిప్‌సెట్టే ఉంది. కానీ 390 రెండో తరంతోనే ఆగిపోయింది, 3010 మూడో తరాన్ని కూడా తీసుకుంటుంది. చిప్‌సెట్ పేరు ఒక్కటే చూసి ప్రాసెసర్ కొనకూడదనడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ లేదు.

మీది ఇంటెల్ సొంతంగా చేసిన బోర్డయితే ఇంకో చిక్కు ఉంది. డెస్క్‌టాప్ బోర్డుల తయారీ నుంచి తప్పుకుంటున్నట్లు ఇంటెల్ 2013 జనవరిలో ప్రకటించింది. 2019 చివర్లో ఆ పాత బోర్డుల బయోస్ ఫైళ్లను తన సైటు నుంచి తీసేసింది. ఇప్పుడు అవి పాత సైట్ల నకళ్లు భద్రపరిచే చోట వెతికితే దొరుకుతాయి. ఎవరో వీడియో కింద పెట్టిన లింకు నుంచి మాత్రం దించుకోవద్దు.

ఫైలు దొరికాక పెన్‌డ్రైవును ఫ్యాట్32లో ఫార్మాట్ చేసి అందులో వేయండి. విండోస్ లోపలి నుంచి నడిచే అప్‌డేట్ ప్రోగ్రాములు వాడొద్దు. బయోస్‌లోనే అందుకు సౌకర్యం ఉంటుంది. గిగాబైట్‌లో దాన్ని క్యూ-ఫ్లాష్ అంటారు, అసుస్‌లో ఈజీ ఫ్లాష్, ఎంఎస్ఐలో ఎం-ఫ్లాష్, ఏఎస్‌రాక్‌లో ఇన్‌స్టంట్ ఫ్లాష్. ఇంటెల్ బోర్డుల్లో ఆన్ చేయగానే ఎఫ్7 నొక్కాలి. కొన్ని హెచ్61 బోర్డులకు ఈ పని రెండు మెట్లుగా ఉంటుంది. బయోస్ చిప్పులోనే ఉండే మేనేజ్‌మెంట్ ఇంజిన్ అనే ఇంటెల్ అంతర్గత ప్రోగ్రామును (ఫర్మ్‌వేర్‌ను) 7 నుంచి 8కి మార్చడం ఒకటి, బయోస్ మార్చడం ఇంకొకటి. డౌన్‌లోడ్ పేజీలో ఆ వరుస రాసి ఉంటే అక్షరాలా పాటించండి. 8కి వెళ్లాక మామూలు పద్ధతిలో వెనక్కి రావడం కుదరదు.

యూపీఎస్ లేకుండా ఈ పని మొదలుపెట్టవద్దు. ఒక్క నిమిషమే కదా అనుకోవద్దు, కరెంటు పోవడానికి అంతకన్నా తక్కువ సమయం చాలు. ఒకవేళ మధ్యలో ఆగిపోయినా దారి మూసుకుపోదు. ఎనిమిది కాళ్ల బయోస్ చిప్పును ప్రోగ్రామర్‌తో నేరుగా రాసే మరమ్మతు దుకాణాలు ఇప్పుడు చాలా ఊళ్లలో ఉన్నాయి. రాసే ముందు చిప్పులో ఉన్నదాన్ని చదివి నకలు దాచమని చెప్పండి. నెట్‌వర్క్ చిరునామా వంటి మీ బోర్డు సొంత వివరాలు అందులోనే ఉంటాయి.

రెండోది ర్యామ్. ఇక్కడే ఎక్కువమంది డబ్బు పోగొట్టుకుంటున్నారు. హెచ్61 బోర్డుకు ఒక్కో స్లాటులో గరిష్ఠంగా 8 జీబీ, మొత్తం 16 జీబీ డీడీఆర్3 పెట్టవచ్చు. కాబట్టి 8 జీబీ స్టిక్ సిద్ధాంతపరంగా సరైనదే. కానీ మార్కెట్లో చౌకగా దొరికే కొన్ని 8 జీబీ డీడీఆర్3 స్టిక్కులు ఏఎండీ బోర్డుల్లో మాత్రమే పనిచేస్తాయి. లోపలి చిప్పుల అమరిక వేరుగా ఉండటంతో ఇంటెల్ మెమరీ కంట్రోలర్ వాటిని చదవలేదు. ఇంకో రకం ఉంది: 8 జీబీని ఎనిమిదే చిప్పుల్లో ఇరికించినవి. ఒక్కో చిప్పు 8 గిగాబిట్లది. రెండో తరం, మూడో తరం ప్రాసెసర్లు 4 గిగాబిట్ల చిప్పుల వరకే గుర్తిస్తాయి. మీకు కావలసిన 8 జీబీ స్టిక్కుకు రెండు వైపులా ఎనిమిదేసి, మొత్తం పదహారు చిప్పులు ఉండాలి. మీ చేతిలో ఉన్నదాన్ని తిప్పి చూసి లెక్కపెట్టండి. స్టిక్కరు మీద ఏఎండీ అని కనిపిస్తే లెక్క కూడా అక్కర్లేదు, వెనక్కి ఇచ్చేయండి.

1.35 వోల్టుల డీడీఆర్3ఎల్ స్టిక్కులు 1.5 వోల్టుల వద్ద కూడా పనిచేసేలానే తయారవుతాయి, వాటితో సాధారణంగా చిక్కు రాదు. 1600 వేగం రాసి ఉన్నది పెట్టి 1333 చూపిస్తే కంగారు పడవద్దు, రెండో తరం ప్రాసెసర్ అంతకు మించి నడపదు. మీ జీ620 అయితే 1066 దగ్గరే ఆగుతుంది.

నన్నడిగితే ఒక 8 జీబీకి బదులు రెండు 4 జీబీలు కొనమంటాను. ఈ బోర్డులో రెండు స్లాట్లు రెండు వేర్వేరు చానెళ్లు, అంటే డేటా వెళ్లే రెండు దారులు. రెండూ నింపితే ప్రాసెసర్ లోపలి గ్రాఫిక్స్ స్పష్టంగా మెరుగుపడుతుంది. పైగా 4 జీబీ స్టిక్కుల్లో పైన చెప్పిన గొడవలు చాలా తక్కువ.

గోదావరి ఒడ్డున, కోస్తాలో ఉన్నవాళ్లకు ఇంకో మాట. ఇక్కడి తేమకు ర్యామ్ బంగారు పట్టీల మీద సన్నని పొర పట్టేస్తుంది. పెన్సిల్ రబ్బరుతో మెల్లగా రుద్ది, పొడి దులిపి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి పెట్టండి. చెమట చేత్తో ఆ పట్టీలు తాకవద్దు.

మూడోది సెల్లు. తేదీ 2011కి పోవడం మొత్తం కథలో చిన్న విషయంగా మీరు రాశారు. నా దృష్టిలో అది చిన్నది కాదు. బోర్డు మీద నాణెంలా ఉండే సీఆర్2032 సెల్లు 3 వోల్టులది. అది అయిపోతే గడియారం ఒక్కటే కాదు, బయోస్‌లో మీరు చేసిన సెట్టింగులన్నీ పోతాయి. గడియారం వెనక్కి వెళ్తే బ్రౌజరులో ఏ సైటూ తెరుచుకోదు, భద్రతా హెచ్చరికలు వస్తాయి. అంతకన్నా ఇబ్బంది పెట్టేది హార్డ్ డిస్కు మోడ్. మా ఊళ్లో పన్నుల లెక్కలు చూసే ఒకరి కంప్యూటర్ రాత్రి కరెంటు పోయిన ప్రతిసారీ ఉదయం నీలం తెర చూపేది. హార్డ్ డిస్కు పోయిందని ఆయనకు ఎవరో చెప్పారు. నిజానికి సెల్లు చచ్చి, సాటా మోడ్ (డిస్కుతో బోర్డు మాట్లాడే పద్ధతి) ఏహెచ్‌సీఐ అనే కొత్త పద్ధతి నుంచి ఐడీఈ అనే పాతదానికి మారిపోతోంది, అందుకే విండోస్ లేవడం లేదు. సెల్లు మార్చాక ఆ బాధ తీరింది.

ఎలాగూ విప్పుతున్నారు కాబట్టి సెల్లు మార్చేటప్పుడే పాత సెట్టింగులు చెరిపేయండి. పవర్ తీగ పీకి, పవర్ బటన్ కొన్ని సెకన్లు నొక్కి పట్టుకోండి. బోర్డు మీద సెట్టింగులు చెరిపే మూడు పిన్నుల జంపర్ (రెండు పిన్నులను కలిపే చిన్న టోపీ) ఉంటే దాన్ని 1-2 నుంచి 2-3కి మార్చి, కాసేపాగి తిరిగి పెట్టండి. ఇంటెల్ సొంత బోర్డుల్లో ఆ జంపర్ తీరు వేరు: 2-3లో ఉంచి ఆన్ చేస్తే సెటప్ తెర వస్తుంది, జంపర్ పూర్తిగా తీసేస్తే బయోస్ రికవరీ మొదలవుతుంది. అక్కడ అలవాటుగా చేయి పెట్టకుండా మాన్యువల్ చూసుకోండి.

ఇక ఐ5 పెట్టే పని. ఎల్‌జీఏ 1155లో పిన్నులు ప్రాసెసర్‌కు కాదు, బోర్డుకే ఉంటాయి. ఫోను టార్చి వేసి, కెమెరాతో పెద్దది చేసి, సాకెట్ అంతా ఒకసారి చూడండి. ఒక్క పిన్ను వంగినా ఒక ర్యామ్ స్లాటు పనిచేయకపోవడం వంటి వింత లక్షణాలు వస్తాయి. గుడ్డతో తుడవడం, ఊదడం చేయకండి. ప్రాసెసర్ గాట్లు సాకెట్ గాట్లతో కలిసేలా వదలండి, నొక్కవద్దు. ప్రాసెసర్ వేడిని కూలర్‌కు చేర్చే పేస్ట్ ఎండినది పూర్తిగా తీసి, బఠాణీ గింజంత కొత్త పేస్ట్ మధ్యలో వేయండి. కూలర్ నాలుగు మేకులను ఎదురెదురు మూలల జతలుగా నొక్కి, నాలుగూ బోర్డు అడుగున బయటికి వచ్చాయో లేదో కింద నుంచి చూడండి. ఒక మేకు సరిగా దిగకపోతే కంప్యూటర్ నడుస్తూ నడుస్తూ ఆగిపోతుంది. జీ620 65 వాట్లది, ఐ5-3470 77 వాట్లది. పాత కూలర్ పనిచేస్తుంది కానీ, మన వేసవిలో మధ్యాహ్నం పూట అది ఇబ్బంది పడుతుంది. మధ్యలో రాగి దిమ్మ ఉన్న కూలర్ పాతది దొరికితే తీసుకోండి. 1150, 1151 సాకెట్ల కూలర్లు కూడా దీనికి సరిపోతాయి.

బోర్డుకు 24 పిన్నుల తీగతో పాటు ప్రాసెసర్ పక్కన నాలుగు పిన్నుల 12 వోల్టుల తీగ విడిగా ఉంటుంది. దాన్ని మరచిపోయినా ఫ్యాను తిరిగి డిస్‌ప్లే రాదు. కేబినెట్ ముందు బటన్ల తీగలు కలిపే చోట ఎక్కువ బోర్డుల్లో 6, 8 పిన్నులు పవర్ స్విచ్, 5, 7 రీసెట్, 1, 3 హార్డ్ డిస్కు లైటు, 2, 4 పవర్ లైటు. పదో పిన్ను ఉండదు, దాన్ని చూసే దిక్కు గుర్తుపట్టాలి. బ్రాండెడ్ సీపీయూలలో ఈ వరుస వేరుగా ఉండవచ్చు.

డిస్‌ప్లే వచ్చాక బయోస్‌లో ముందుగా డిఫాల్టులు లోడ్ చేసి, తేదీ సరిచేసి, తర్వాత ఇవి చూడండి. సాటా మోడ్ ఏహెచ్‌సీఐలో ఉండాలి. కొత్తగా విండోస్ వేస్తుంటే ముందే మార్చేయండి. పాత విండోస్‌నే ఉంచుకోవాలంటే, అది విండోస్ 10 అయితే, ముందు లోపల సేఫ్ మోడ్‌లో లేచేలా పెట్టి, రీస్టార్ట్ చేసి, బయోస్‌లో మోడ్ మార్చి, ఒకసారి సేఫ్ మోడ్‌లో లేచాక ఆ సేఫ్ మోడ్ ఎంపిక తీసేయండి. నేరుగా మారిస్తే నీలం తెర వస్తుంది. ఎగ్జిక్యూట్ డిసేబుల్ బిట్ అనే భద్రతా సెట్టింగు ఆన్‌లో ఉండాలి, అది లేకుండా విండోస్ 8 తర్వాతివి ఎక్కవు. కరెంటు పోయి వచ్చాక ఏం చేయాలన్న సెట్టింగును ఆఫ్‌లోనే ఉంచండి. కరెంటు పోయి వెంటనే రావడం, మళ్లీ పోవడం జరిగే చోట యంత్రం తనంతట తాను లేస్తూ పడుతూ ఉంటే ఎస్‌ఎంపీఎస్‌కు (కరెంటు అందించే పెట్టెకు), డిస్కుకు రెండింటికీ చేటు.

ర్యామ్ 8 జీబీ పెట్టినా 3 చిల్లర మాత్రమే చూపిస్తే అది బోర్డు తప్పు కాదు, మీ విండోస్ 32 బిట్లది. 64 బిట్లది వేయాలి.

డబ్బు ఖర్చు పెట్టాల్సిన వస్తువు ఒకటుంటే అది ఎస్‌ఎస్‌డీ, అంటే తిరిగే పళ్లేలు లేని చిప్పుల డిస్కు. హెచ్61లో సాటా వేగం సెకనుకు 3 గిగాబిట్లే. అందువల్ల మంచి ఎస్‌ఎస్‌డీ కూడా సగం వేగంతోనే చదువుతుంది. అయినా ఆ పాత హార్డ్ డిస్కుతో పోలిస్తే కంప్యూటర్ లేచే తీరే మారిపోతుంది. నా అనుభవంలో పెంటియం నుంచి ఐ5కి మారడం కన్నా డిస్కు నుంచి ఎస్‌ఎస్‌డీకి మారడమే వాడేవాళ్లకు ఎక్కువ కనిపిస్తుంది. 2.5 అంగుళాల సాటా రకమే కొనండి. ఆ కాలపు బయోస్ ఎన్‌వీఎంఈ (సాటా కాని కొత్త రకం ఎస్‌ఎస్‌డీ) నుంచి విండోస్‌ను లేపలేదు.

విండోస్ 10కి మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11 అధికారికంగా ఎనిమిదో తరం నుంచే. ట్యాలీ కోసం విండోస్ తప్పదు కాబట్టి దాన్ని ఆ పనికే ఉంచి, నెట్, క్లాసులు, బ్యాంకు పనులకు అదే ఎస్‌ఎస్‌డీ మీద లినక్స్ మింట్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్‌ను పక్కన వేసుకోమంటాను. ఈ యంత్రం మీద మింట్ చక్కగా నడుస్తుంది.

ఇంకొక ముఖ్యమైన సంగతి మీరు అడగలేదు, అయినా చెప్పాలి. కేబినెట్ తాకితే జిల్లుమంటోందా? అలాగైతే ఇంట్లో ఎర్త్ లేదు. ఎస్‌ఎంపీఎస్ లోపలి ఫిల్టర్ కెపాసిటర్ల వల్ల ఎర్త్ లేని కేబినెట్ మీద ఇంటి వోల్టేజిలో సగం దాకా కనిపిస్తుంది. రెండు పిన్నుల అడాప్టరు పెట్టి నడిపే ఇళ్లలో ఇది మామూలే. బోర్డులోని యూఎస్‌బీ పోర్టులు పోవడానికి కూడా ఇదొక కారణం. పని మొదలుపెట్టే ముందే ఎలక్ట్రీషియన్‌ను పిలిపించి ఆ సాకెట్‌కు ఎర్త్ ఇప్పించండి.

బోర్డు పట్టికలో మూడో తరం లేదని తేలితే ఐ5-3470 తిరిగి ఇచ్చి ఐ5-2400 తీసుకోండి. ఇది 95 వాట్లది కాబట్టి మంచి కూలర్ కావాలి. అంతే తప్ప ట్యాలీలో, క్లాసుల్లో మీ చెల్లెలికి రెండింటి మధ్య తేడా తెలియదు. సికింద్రాబాద్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్ వంటి చోట పాత ప్రాసెసర్లు దొరుకుతాయి. అక్కడే ఒక బోర్డులో పెట్టి డిస్‌ప్లే చూపించాకే డబ్బు ఇవ్వండి. ముందుగా బోర్డు మోడల్, రివిజన్ నంబరు, పాత ప్రాసెసర్‌తో తెర మీద కనిపించే బయోస్ తేదీ రాసి పెట్టండి. ఆ మూడూ ఉంటే ఏ ఫైలు వాడాలో, ఏ వరుసలో వాడాలో కచ్చితంగా చెబుతాను.